బీటెక్ సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్): ఉద్యోగంలో ఇన్నేళ్లు గడిచాక నా రివ్యూ

కౌన్సెలింగ్ రోజులు రాగానే చుట్టాల పిల్లలంతా అడిగేది ఒకటే. "బాబాయ్, కోడింగ్ యూట్యూబ్‌లోనే వచ్చేస్తుంది కదా, దానికోసం సీఎస్‌ఈ చదవాలా?" గుంటూరు వైపు ఒక అఫిలియేటెడ్ కాలేజీలో ఆ కోర్సు చదివి, అప్పటినుంచీ బ్యాకెండ్ డెవలపర్‌గానే (వెబ్‌సైట్ వెనక సర్వర్, డేటాబేస్ చూసుకునే పని) పనిచేస్తున్నాను. చదవమనే చెబుతాను. కాకపోతే ల్యాబ్‌ను నమ్ముకోవద్దు, థియరీని వదలొద్దు.

ముందు ల్యాబ్ సంగతి. మాకు సి భాష నేర్పింది టర్బో సి అనే పాత కంపైలర్ నీలం తెర మీద. అందులో ఇంటీజర్‌కి 16 బిట్లే, 32,767 దాటితే పట్టదు. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాంకి 7 ఇస్తే 5,040 సరిగ్గానే వచ్చేది. 8 ఇస్తే 40,320 రావాల్సిన చోట మైనస్ 25,216 వచ్చేది. ఎందుకని నేర్పేవాళ్లను అడిగితే, "రికార్డులో 5కి అవుట్‌పుట్ రాయండి, చాలు" అన్నారు. మెమరీలో అంకె ఎలా కూర్చుంటుందో చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. అది అలా పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పైగా టర్బో సితో వచ్చే కోనియో హెడర్ ఫైలుకు అలవాటుపడినవాళ్లు లినక్స్‌లో జీసీసీ కంపైలర్ ముందు కూర్చుంటే, ఆ ఫైలు అక్కడ ఉండదు కాబట్టి మొదటి ప్రోగ్రామే కంపైల్ కాదు. కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే గిట్ 2005లోనే వచ్చినా మా క్లాసులో దాని పేరే వినపడలేదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును బయట కొనుక్కొచ్చి వైవాకి బట్టీ పట్టినవాళ్లూ ఉన్నారు.

కానీ పరీక్షల కోసమే అనుకుని చదివిన సబ్జెక్టులే ఈరోజుకీ అన్నం పెడుతున్నాయి. ఒకసారి మా రిపోర్ట్ పేజీ ఎంతసేపటికీ తెరుచుకోకపోతే, పెద్ద సర్వర్ కొందామన్నారు. డేటాబేస్ సమాచారాన్ని ఎలా వెతుకుతోందో చూపే క్వెరీ ప్లాన్ తీసి చూస్తే టేబుల్ మొత్తం మొదటినుంచి చివరిదాకా చదువుతోంది. సరైన ఇండెక్స్ (పుస్తకం చివరి పదసూచిక లాంటిది) పెట్టగానే పేజీ వెంటనే తెరుచుకుంది. ఇండెక్స్ పెట్టమని ఏ వీడియో అయినా చెబుతుంది. రెండు కాలమ్‌లలో ఏది ముందుండాలో తేల్చుకోవాలంటే మాత్రం డీబీఎంఎస్ (డేటాబేస్) సబ్జెక్టులో చెప్పిన బీ ప్లస్ ట్రీ, అంటే ఇండెక్స్ లోపల విలువలను క్రమంలో అమర్చే పద్ధతి, అర్థమై ఉండాలి. డెడ్‌లాక్ (రెండు పనులు ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ ఆగిపోవడం) కూడా అంతే. రెండు ట్రాన్సాక్షన్లు ఒకే రెండు వరుసలను అటూ ఇటూ తిరగేసి లాక్ చేస్తున్నాయని కనిపెట్టి, రెండూ ఒకే క్రమంలో లాక్ తీసుకునేలా మార్చాం. సర్క్యులర్ వెయిట్‌ను, అంటే ఆ వలయంలాంటి ఎదురుచూపును, తెంచడమంటే అదే. ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్స్) పేపర్లో పది మార్కుల ప్రశ్న. క్రమంలో ఉన్న పది లక్షల పేర్లలో ఒకదాన్ని పట్టుకోవడానికి ప్రతిసారీ సగం పక్కనపెడుతూ వెతికే బైనరీ సెర్చ్‌కి 20 పోలికలు చాలన్నది డేటా స్ట్రక్చర్స్ క్లాసులో విన్నప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు ఇంకా తగ్గలేదు.

ఇంజనీరింగ్ డ్రాయింగ్ పాసైతే చాలు. సీఆర్‌టీ (క్యాంపస్ ఉద్యోగాలకు శిక్షణ) క్లాసులు ఆప్టిట్యూడ్ రౌండ్ దాటడానికి పనికొస్తాయి, అంతకుమించి ఆశించవద్దు.

ఫీజు దగ్గర మాత్రం గట్టిగా చెబుతాను. మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు అప్పుచేసి ఈ సీటు కొనొద్దు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్ చదువుకుంటూ, ఇవే సబ్జెక్టులు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల దగ్గర ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ పరీక్షకే డబ్బు కట్టాలి. కొన్ని కంపెనీలు బీటెక్ వాళ్లనే పిలుస్తాయన్న ఇబ్బంది ఉంది, నిజమే. అయినా ఇంటిమీద అప్పు కంటే అది నయం.

సీటు ఖాయం చేసుకునే ముందు కాలేజీకి వెళ్లి సీనియర్లను కలవండి. ల్యాబ్ సిస్టంలలో లినక్స్ ఉందా, క్లాసులు అయిపోయాక కూడా కూర్చోనిస్తారా, ప్రాజెక్టు కోడ్‌ను ఎవరైనా లైను లైనూ చదివి ప్రశ్నలు అడుగుతారా అని కనుక్కోండి.