పేస్‌మేకర్ ఉన్న ఇంట్లో ఆక్సిమీటర్: నాడి అల చూపించేదే కొనండి

మా అమ్మకి పేస్‌మేకర్ ఉంది, అంటే గుండె నెమ్మదిస్తే సన్నటి కరెంటుతో కొట్టించే చిన్న మెషిన్. కంప్లీట్ హార్ట్ బ్లాక్ (గుండె పై గదుల నుంచి కింద గదులకి కరెంటు సంకేతం అందకపోవడం) అని చెప్పి విజయవాడలో పెట్టారు, రెండు వైర్లది. కరోనా టైములో కొన్న ఆక్సిమీటర్ పాడైపోతే ఈ మధ్య కొత్తది తీసుకున్నాం, ఈ రివ్యూ దాని గురించే. కంపెనీ పేరు రాయట్లేదు, ఈ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి, పేరు కన్నా స్క్రీన్ మీద ఏం కనపడుతుందన్నదే మనకి ముఖ్యం. నేనైతే 5కి 4 స్టార్లు ఇస్తాను. ఆ ఒక్క స్టారు ఎందుకు తగ్గించానో చెప్పాలంటే కొంచెం పెద్దగానే రాయాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ దయచేసి పూర్తిగా చదవండి.

ముందు వస్తువు సంగతి. రెండు చిన్న సెల్లులు వేస్తే చాలు, వేలు తీసేసిన కాసేపటికి దానంతట అదే ఆగిపోతుంది. అంకెలు పెద్దగా ఉన్నాయి, అమ్మ కళ్ళజోడు లేకుండానే చదువుకుంటోంది. ఒకవైపు నుంచి ఎర్ర కాంతిని, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని వేల్లోంచి పంపి, రెండోవైపుకి ఎంత చేరిందో కొలుస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేల్లోకి రక్తం పొంగి ఆ కాంతి కాస్త తగ్గుతుంది, ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెట్టి పల్స్ అని, రెండు కాంతుల్లో వాటి తేడాని బట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం అని చూపిస్తుంది. ఈ పద్ధతి 1970లలో కనిపెట్టింది తకువో అవోయాగి అనే జపాన్ ఇంజనీరు. ప్రపంచమంతా వీటి కోసం వెతుక్కుంటున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన చనిపోయారు, ఆ సంగతి చదివినప్పుడు మనసు కలుక్కుమంది. ఒంట్లోకి కరెంటు పంపేది కాదు, ఉత్త కాంతే, కాబట్టి పేస్‌మేకర్‌కి దీనివల్ల ఇబ్బంది లేదు.

అదే షాపులో కొవ్వు శాతం చూపించే బరువు మెషిన్ కూడా తీసుకోమన్నారు. వద్దన్నాను. అది పాదాల్లోంచి ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి లెక్కకడుతుంది, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు వాడకూడదు. మామూలు బరువు మెషిన్‌తో ఏ సమస్యా లేదు.

ఇక అసలు విషయం. అమ్మ పేస్‌మేకర్‌ని నిమిషానికి 60 దగ్గర సెట్ చేశారు. డిశ్చార్జ్ రోజున అందరూ చెప్పిన మాట ఒకటే, ఇంక పల్స్ 60 కిందకి రాదని. అది మనసులో పెట్టుకునే మేం రోజూ అంకె చూసుకుంటూ నిశ్చింతగా ఉన్నాం. ఒక రాత్రి అన్నం తిని కూర్చున్నాక అమ్మ, "ఒరేయ్, గుండె ఆగి ఆగి కొట్టుకుంటున్నట్టుందిరా, ఉండుండి గొంతులోకి ఎగిరొస్తోంది" అంది. వేలికి పెడితే 41. కాసేపటికి 38, మళ్ళీ 43. ఆక్సిజన్ మాత్రం 97. నొప్పి లేదు, చెమటలు లేవు, మాట బాగానే ఉంది, కానీ 60 ఉండాల్సిన చోట 38 కనపడితే ఎవరికైనా వచ్చే ఆలోచన ఒక్కటే కదా, లోపల మెషిన్ ఆగిపోయిందేమో అని. బొటనవేలి కింద మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూశాను. ఒక దెబ్బ గట్టిగా తగులుతోంది, తర్వాత పెద్ద ఖాళీ, మళ్ళీ ఒక దెబ్బ. పేస్‌మేకర్ కార్డు తీసుకుని వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాం.

ఈసీజీ తీస్తే గుండె నిమిషానికి 80 పైనే కొట్టుకుంటోంది! డ్యూటీలో ఉన్న డాక్టరు అమ్మాయి ఆ కాగితం మీద పెన్ను పెట్టి ఓపిగ్గా వివరించింది. మామూలు బీట్ ఒకటి, దాని వెనకే తొందరపడి వచ్చిన ఎక్స్‌ట్రా బీట్ ఒకటి, ఇలా జంటలుగా వస్తున్నాయి. ఆ ఎక్స్‌ట్రా బీట్ వచ్చేటప్పటికి గుండె గది ఇంకా నిండి ఉండదు, చెంబు సగం కూడా నిండకముందే వంచేసినట్టు, దాంతో వేలి దాకా రక్తం సరిగా చేరదు. చేరని దాన్ని ఆక్సిమీటర్ లెక్కపెట్టదు. పేస్‌మేకర్ మాత్రం ఆ బీట్‌ని కూడా బీట్‌గానే గుర్తించి, గుండె తనంతట తానే కొట్టుకుంటోంది కదా అని ఆగుతుంది. అంటే రెండూ వాటి పని అవి సరిగ్గానే చేస్తున్నాయి, అంకె మాత్రం సగమే కనపడుతోంది.

మర్నాడు పేస్‌మేకర్ చెకప్ చేశారు. ఛాతీ మీద, పేస్‌మేకర్ ఉన్నచోట, వైరున్న ఒక గుండ్రటి పరికరం ఆనించగానే స్క్రీన్ మీద అన్నీ వచ్చేశాయి, బ్యాటరీ ఇంకా ఎన్నేళ్ళు వస్తుంది, వైర్లు బాగున్నాయా, గుండెని కొట్టించడానికి ఎంత వోల్టేజ్ కావాలి అన్నీ. ఆ వోల్టేజ్ చూడటానికి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోతారు. "ఇప్పుడొక్క క్షణం తూలినట్టు ఉండొచ్చమ్మా, నేనే తగ్గిస్తున్నాను, భయపడకండి" అని ముందే చెప్పాడు చెకప్ చేస్తున్న అబ్బాయి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, అంతలోనే అయిపోయింది. ఎక్స్‌ట్రా బీట్లు ఎప్పటి నుంచి ఎన్ని వస్తున్నాయో కూడా అందులో రికార్డయి ఉంది. డాక్టరు గారు రక్తంలో పొటాషియం చూసి, ఎక్స్‌ట్రా బీట్లు తగ్గడానికి బీటా బ్లాకర్ అనే మాత్ర మొదలుపెట్టారు. ఆ మందు పల్స్‌ని తగ్గిస్తుంది, కానీ లోపల పేస్‌మేకర్ కాపలా ఉంది కాబట్టి మరీ తగ్గిపోతుందన్న భయం లేదని చెప్పారు.

అందుకే అల చూపించేది కొనమంటున్నాను. పాతదానిలో అంకె, పక్కన ఎగిరే గీత, అంతే. కొత్తదానిలో స్క్రీన్ మీద అల పారుతూ ఉంటుంది. ఎక్స్‌ట్రా బీట్లు వచ్చినప్పుడు ఒక పెద్ద అల, వెంటనే చిన్న బొడిపె, ఆ తర్వాత ఖాళీ స్పష్టంగా కనపడతాయి. ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకుంటే, హాస్పిటల్‌కి వెళ్ళేసరికి అంతా సర్దుకున్నా డాక్టరుకి చూపించొచ్చు. ఈ ఒక్క పనికే దీని ధర గిట్టుబాటైపోయింది.

తగ్గించిన స్టారు దేనికంటే, డబ్బాలో ఇచ్చిన కాగితంలో ఈ సంగతి ఒక్క ముక్క లేదు. పైగా 50 కన్నా తగ్గితే కీచుమని అలారం కొడుతుంది, పెద్దవాళ్ళు అసలు రోగం కన్నా ఆ శబ్దానికే ఎక్కువ టెన్షన్ పడతారు. కొన్ని పేస్‌మేకర్లని నిద్ర టైములో 50 దాకా తగ్గేలా సెట్ చేస్తారు కూడా, కాబట్టి మీది ఎంతకి సెట్ చేశారో అడిగి రాయించుకోండి.

అయితే తక్కువ అంకె వచ్చిన ప్రతిసారీ ఎక్స్‌ట్రా బీట్లేలే అని వదిలేయకండి, ఇది మరీ మరీ చెప్తున్నాను. వైరు కదిలినా, బ్యాటరీ చివరికొచ్చినా పల్స్ నిజంగానే తగ్గొచ్చు, ఆ తేడా ఇంట్లో మనం తేల్చుకోలేం. కళ్ళు చీకట్లు కమ్మినా, స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా అంకె చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యండి. అంకె బాగుంది కదా అని కూడా ఆగొద్దు. పేస్‌మేకర్ గుండెని మరీ నెమ్మదించనివ్వదు, అంతే, గుండెపోటుని అది ఆపదు, గుండె దడదడా పరిగెత్తినా మామూలు పేస్‌మేకర్ దాన్ని ఆపలేదు. పల్స్ 72, ఆక్సిజన్ 98 చూపిస్తున్నప్పుడు కూడా గుండెపోటు రావచ్చు. పేస్‌మేకర్ ఉన్నచోట ఎర్రబడినా, వాచినా, జ్వరం వచ్చినా, ఆగకుండా ఎక్కిళ్ళలా పొట్ట ఎగిరిపడుతున్నా వెంటనే డాక్టరుకి చెప్పాలి, వీటిని ఏ ఆక్సిమీటరూ పట్టుకోదు.

వాడేటప్పుడు గోళ్ళ రంగు తుడిచెయ్యండి, చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టుకోండి, కదలకుండా కూర్చుని అర నిమిషమైనా చూడండి, మొదట కనపడే అంకెని నమ్మొద్దు. అమ్మ అయితే ఊరికే పెట్టుకుని చూసుకుంటూ ఉంటుంది, దానివల్ల ఆందోళనే తప్ప లాభం లేదని డాక్టరు చెప్పాక ఇప్పుడు తేడాగా అనిపించినప్పుడే తీస్తున్నాం. కొనేటప్పుడు మాత్రం షాపులోనే డబ్బా విప్పించి, సెల్లులు వేయించి, వేలికి పెట్టుకుని చూడండి. అల కనపడకపోతే వద్దని చెప్పి ఇంకోటి అడగండి.