జనవరి 1న కొన్న షుగర్ మెషీన్, మూడు నెలలు వాడాక

2025 కొత్త సంవత్సరం రోజున నేను కొన్నది ఒక్కటే వస్తువు, వేలు పొడిచి రక్తంలో షుగర్ చూసుకునే చిన్న మెషీన్. మూడు నెలలు వాడాను, సంక్రాంతి వెళ్లింది, ఉగాది కూడా అయింది, ఇక దీని గురించి రాయొచ్చు అనిపించింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పేదంతా మెడికల్ షాపులో తొమ్మిది వందలకో వెయ్యికో దొరికే ఏ మెషీన్‌కైనా వర్తిస్తుంది.

ముందు ఎందుకు కొన్నానో చెప్తాను. 2024 డిసెంబరులో ఆఫీసులో అందరికీ హెల్త్ చెకప్ చేయించారు. రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో నాకు 6.2 శాతం వచ్చింది. 5.7 లోపు ఉంటే మామూలు, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే షుగర్ వచ్చినట్టు, ఆ మధ్యలో ఉంటే మనం బోర్డర్ అంటాం. నాలాంటి వాళ్లు కొద్దిమంది కాదు. కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్లు దేశమంతా తిరిగి చేసిన సర్వే 2023లో వచ్చింది, అందులో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు అయితే బోర్డర్‌లో ఉన్నవాళ్లు 13.6 కోట్లని తేలింది. మన వాకిట్లో ముగ్గేసే పిన్ని, ఆఫీసులో పక్క సీటు అబ్బాయి, వీళ్లలో ఎవరికైనా ఉండొచ్చు, పరీక్ష చేయించుకోకపోతే వాళ్లకి తెలియను కూడా తెలియదు.

నాకు టెన్షన్ వచ్చింది ఆ అంకె చూసి కాదు, మా నాన్న గుర్తొచ్చి. ఆయనకి పదిహేనేళ్లు షుగర్ ఉంది, చివర్లో కాలి పుండు మానక ఏడు నెలలు మంచం మీదే ఉన్నారు. ప్రతి పండక్కీ ఇంట్లో అందరం ఆయన మీద కాపలా కాసేవాళ్లం. ఆయన చేతిలో అరిసె కనిపిస్తే లాక్కునేవాళ్లం, నేనే ఒకసారి చుట్టాలందరి ముందూ అరిచాను, ఆ రోజు ఆయన ఏమీ అనకుండా లేచి అరుగు మీదకి వెళ్లి కూర్చున్నారు. అరిసె లాక్కున్న మేము ఆయన కంచంలో అన్నం ఎంత పడుతోందో ఒక్కరోజూ చూడలేదు. ఇంట్లో షుగర్ చూసే మెషీన్ లేదు, మూడు నెలలకోసారి టౌనుకి వెళ్లి పరగడుపున రక్తం ఇచ్చి రావడమే, మిగతా రోజుల్లో ఏ తిండి ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఈ మెషీన్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఆ అరుగే గుర్తొస్తుంది నాకు.

డిసెంబరు 31 రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో ఎప్పటిలాగే కేకు, బిరియానీ, ఆ తర్వాత ఐస్‌క్రీమ్ కూడా. పన్నెండు దాటాక సెల్లార్‌లో రంగులతో హ్యాపీ న్యూ ఇయర్ అని ముగ్గేస్తూ, రేపటి నుంచి ఏడాదంతా తీపి ముట్టను అని మా ఆయనకి చెప్పాను. మర్నాడు మెషీన్ తెచ్చుకున్నాను, డబ్బాతో పాటు, ఒక్కోసారికి ఒకటి చొప్పున రక్తం చుక్క అంటించే 25 స్ట్రిప్పులు వచ్చాయి.

వాడటం కష్టం కాదు, కానీ మొదటి వారం ఆరు స్ట్రిప్పులు పాడుచేశాను, రక్తం చుక్క సరిపోక ఎర్రర్ వచ్చేది. తర్వాత నేర్చుకున్నాను, గోరువెచ్చని నీళ్లతో చేతులు కడుక్కుని బాగా తుడుచుకుని, చేయి కాసేపు కిందికి వేలాడదీసి, వేలు కొసన మధ్యలో కాకుండా పక్కన పొడిస్తే చుక్క తేలిగ్గా వస్తుంది, నొప్పి కూడా తక్కువ. పొడిచే పెన్నులో లోతు మార్చుకునే అంకెలుంటాయి, నాకు 3 సరిపోయింది. సూది మాత్రం ఎవరిది వాళ్లకే, ఇంట్లో మనిషే కదా అని ఒకరి సూదితో ఇంకొకరికి పొడవొద్దు, పెన్ను కూడా మార్చుకోవద్దు.

కరెక్ట్‌గా చూపిస్తుందా అని అందరూ అడుగుతారు. నేను ఒకరోజు ల్యాబులో పరగడుపున రక్తం ఇచ్చి, అక్కడే కుర్చీలో కూర్చుని నా మెషీన్‌తో కూడా చూసుకున్నాను, ల్యాబులో 104, నా దాంట్లో 111 (ఈ అంకెలన్నీ డెసిలీటరు రక్తంలో ఎన్ని మిల్లీగ్రాముల షుగర్ అన్న లెక్క). ఈ మెషీన్లకి 2013లో సవరించిన అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దాని ప్రకారం వందలో 95 రీడింగులు, షుగర్ 100 పైన ఉన్నప్పుడు 15 శాతం తేడాలోపు, 100 కన్నా తక్కువ ఉంటే 15 పాయింట్ల లోపు ఉండాలి. కాబట్టి 138కి సంతోషపడి 144కి బాధపడటంలో అర్థం లేదు, రెండూ ఒకటే అనుకోవాలి. షుగర్ ఉందో లేదో తేల్చుకోవడానికి మాత్రం ల్యాబుకే వెళ్లాలి, ఇది దానికోసం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. జనవరి 1 మధ్యాహ్నం నుంచి భోగి ముందు రోజు దాకా నేను తీపి నిజంగానే ముట్టలేదు, కాఫీలో కూడా పంచదార మానేశాను. అయినా మధ్యాహ్నం భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకి చూస్తే 182, ఇంకోరోజు 178, ఇంకోరోజు 186. మామూలుగా అయితే 140 లోపు ఉండాలి. మెషీన్ పాడైందేమో అని కూడా అనుమానపడ్డాను. తర్వాత అర్థమైంది, అది చూపిస్తున్నది నా అన్నాన్ని. పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, చారులోకి ఒకసారి, చివర్లో పెరుగులోకి ఇంకోసారి, ఇలా నాలుగుసార్లు వడ్డించుకుంటూ తీపి మానేశాను కదా అని ధైర్యంగా ఉన్నాను. అన్నం సగానికి తగ్గించి, కూరా పప్పూ ముందు కాస్త తిని తర్వాత అన్నంలోకి వెళ్తే అదే రెండు గంటలకి 146 వచ్చింది. మూడు రోజులు అలాగే చేసి చూశాను, ఒక్కరోజు కూడా 155 దాటలేదు. నాన్న దగ్గర అరిసె లాక్కుని పెరుగన్నంలోకి ఇంకో గరిటె వేసిన చేతులు మావి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

భోగికి మా ఊరు వెళ్లాం, కోనసీమలో అంబాజీపేట దగ్గర. అమ్మ అప్పటికే బియ్యం నానబోసి, తడిపిండి కొట్టించి, బెల్లం పాకానికి సిద్ధంగా ఉంది. అరిసెలు వత్తడానికి నేనూ కూర్చున్నాను, పాకం ఉండకట్టగానే తడిపిండి కలపాలి, ఆ హడావిడిలో చెయ్యి గుడ్డకి తుడుచుకుని అలాగే వేలు పొడిచాను. మెషీన్ 243 చూపించింది. కళ్లు తిరిగినట్టయింది, వదినని పిలిచాను, అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చేసింది. వదిన నర్సుగా చేసింది, ముందు చేతులు సబ్బుతో కడుక్కో అంది. కడుక్కుని వేరే వేలితో చూస్తే 128. వేలికి అంటిన బెల్లం రక్తం చుక్కలో కలిస్తే అంత తేడా వస్తుంది, పండు కోసిన చేతులతో చూసినా అంతే. కొత్తగా కొన్నవాళ్లు ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు, ఆ తప్పు అంకె చూసి ఎవరైనా మందు ఎక్కువ వేసుకుంటే ప్రమాదం.

"బెల్లమే కదమ్మా, పంచదారైతే కదా" అని అమ్మ అంటూనే ఉంది, మన ఇళ్లలో చాలామంది నమ్మకం అది. బెల్లంలో ఉన్నది కూడా ఎక్కువభాగం అదే చక్కెర, షుగర్ పెరగడం దగ్గర పెద్ద తేడా ఉండదు. వాదించకుండా కొలిచి చూపించాను. సంక్రాంతి రోజు అన్నం బాగా తగ్గించి భోజనంతో పాటు ఒక అరిసె తిన్నాను, రెండు గంటలకి 152. మర్నాడు సాయంత్రం ఖాళీ కడుపుతో, కబుర్లలో పడి మూడు అరిసెలు తింటే 204. అరిసె అదే, మా అమ్మ చేతిదే. ఎన్ని, ఎప్పుడు, దేంతో కలిపి అన్నదే తేడా.

కనుమ నాడు మినుము తినాలంటారు కదా, ఆ మధ్యాహ్నం గారెలూ నాటుకోడి కూరే తిన్నాం, అన్నం పెద్దగా లేదు. తినగానే జగ్గన్నతోట తీర్థానికి నడిచి వెళ్లాం. ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి దేవుణ్ని నిలిపి అలంకరించిన పెద్ద చట్రాలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆ కొబ్బరితోటలోకి చేరతాయి, వాటిలో గంగలకుర్రు వాళ్లు ప్రభని భుజాల మీద మోస్తూ కౌశిక కాలువ దాటించడం చూసితీరాలి, 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటంగా చూపించింది ఈ ప్రభల తీర్థాన్నే. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. గట్ల మీద నడిచి, తోటంతా తిరిగి, అక్కడే జీళ్లు అమ్మే కొట్టు పక్కన నిలబడి, బాటిల్ నీళ్లతో చేతులు కడుక్కుని వేలు పొడుచుకున్నాను. 121. పండగ మూడు రోజుల్లో తిన్న తర్వాత చూసిన వాటిలో అదే తక్కువ. "పండగ పూట ఆ పొడుచుకోవడం ఏంటే" అని అప్పటిదాకా కోప్పడిన అమ్మ, ఆ అంకె చూసి తన వేలు కూడా చాపింది.

బాగాలేనివి కూడా చెప్పాలి. మెషీన్ చవక, ఖర్చంతా స్ట్రిప్పులదే, ఒక్కోటి ఇరవై రూపాయల దాకా పడుతుంది, అందుకే కొనేముందు మెషీన్ ధర కన్నా స్ట్రిప్పుల ధర అడగండి, మీ ఊళ్లో దొరుకుతాయో లేదో కూడా. మా వీధి మెడికల్ షాపులో నాకు యాభై స్ట్రిప్పుల డబ్బా అంటగట్టారు, ఇంటికొచ్చి చూస్తే ఎక్స్‌పైరీకి 19 రోజులే ఉంది, తిరిగి తీసుకోమంటే సీలు తీశారన్నారు. తారీఖు కౌంటర్ దగ్గరే చూసుకోండి. పైగా సీలు తీశాక ఎన్నాళ్లు వాడొచ్చో డబ్బా మీద విడిగా ఉంటుంది, నా దానికి మూడు నెలలు. స్ట్రిప్పు కొసన ఉండే ఎంజైము గ్లూకోజుతో కలిసినప్పుడు పుట్టే చిన్న కరెంటునే మెషీన్ కొలుస్తుంది, తేమ తగిలితే ఆ ఎంజైము పాడవుతుంది, అందుకని మూత వెంటనే పెట్టాలి, వంటింట్లో పొయ్యి దగ్గర పెట్టకూడదు.

ఇంకోటి, ఇది చేతిలో ఉంటే మొదట్లో గంటకోసారి చూడాలనిపిస్తుంది. నేను ఒకరోజు ఎనిమిదిసార్లు చూశాను, ఆ రోజంతా ఏ పనీ చేయలేకపోయాను. మా డాక్టరుగారు, మందులు వాడని బోర్డర్ వాళ్లకి ఇన్ని అక్కర్లేదు, వారానికి రెండు రోజులు, అనుమానం ఉన్న భోజనానికి ముందొకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి చూడండి చాలు అన్నారు. ఇప్పుడు అలాగే చేస్తున్నాను, నెలకి పద్దెనిమిది స్ట్రిప్పులు కూడా అవ్వవు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ల లెక్క వేరు, వాళ్లు డాక్టరు చెప్పినన్ని సార్లు చూసుకోవాల్సిందే, రీడింగ్ చూసి డోసు సొంతంగా మార్చుకోకూడదు.

తీపి ముట్టను అన్న ఒట్టు సంక్రాంతికే పోయింది, దాని గురించి నాకు బాధ లేదు. దాని బదులు మధ్యాహ్నం అన్నం ఒకసారే వడ్డించుకోవడం, రాత్రి తిన్నాక పావుగంట నడక, ఈ రెండూ జనవరి నుంచి ఇప్పటిదాకా నిలబడ్డాయి. మార్చి 30న ఉగాది, ఆ రోజు పచ్చడీ తిన్నాను, ఒక బొబ్బట్టూ తిన్నాను, 149. ఆ వారంలోనే మళ్లీ హెచ్‌బీఏ1సీ చేయించాను, 5.8 వచ్చింది. ఇంకా బోర్డరే, కానీ దిగింది.

రెండో మెషీన్ అమ్మకి కొని పంపాను, అదే కంపెనీది, స్ట్రిప్పులు ఇద్దరికీ పనికొస్తాయని. వదిన దగ్గరుండి నేర్పింది. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి ముందు తన అంకె చెప్పి, తర్వాత నాది అడుగుతుంది.