స్ట్రైడర్‌తో ఇరవై వానాకాలాలు

ఇంగ్లీషు రచయిత టోల్కీన్ రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవల మూడు భాగాలూ 2004లో రాజమండ్రిలో ఒక పాత పుస్తకాల కొట్లో కొన్నాను. మూడూ కలిపి రెండు వందలు. మొదటి రెండూ ఒక సెట్టువి, మూడోది ఇంకెక్కడిదో. పైగా చివర అనుబంధాలు ఉండాల్సిన పేజీలు ఎవరో చింపేశారు. ఇంటికొచ్చాక గానీ చూసుకోలేదు. మళ్లీ వెళ్లి అడిగితే, "కథంతా ఉంది కదా సార్" అన్నాడు కొట్టాయన. అదీ నిజమే. అప్పట్నుంచి దాదాపు ప్రతి వానాకాలం మొదటి భాగం బయటికి తీస్తున్నాను. కొన్నేళ్లు మూడూ పూర్తయ్యాయి, కొన్నేళ్లు సగంలో ఆగాయి. పాటలు ఇప్పటికీ దాటేస్తాను. ఇక్కడ రాసేది పుస్తకం మొత్తం గురించి కాదు, అందులో ఒక్క మనిషి గురించే.

చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. హాబిట్లు అనే పొట్టి జాతికి చెందిన ఫ్రోడో ప్రమాదకరమైన ఉంగరం ఒకటి దగ్గర పెట్టుకుని, స్నేహితులతో బ్రీ అనే ఊళ్లో సత్రంలో దిగుతాడు. అక్కడ మూల చీకట్లో ఒకడు కూర్చుని ఉంటాడు. తలమీద ముసుగు, పొడుగాటి పైపు, బురద అట్టకట్టిన బూట్లు. ఎవరని అడిగితే సత్రం యజమాని బటర్‌బర్ గొంతు తగ్గించి చెప్తాడు. దేశం పట్టి తిరిగే రేంజర్ల రకం, అసలు పేరు తెలీదు, ఇక్కడ అందరూ స్ట్రైడర్ అంటారు. మనూళ్లో అయితే 'అంగలోడు' అని ఉండేవారు.

మొదటిసారి చదివినప్పుడు నేను చాలా తెలివైనవాణ్ని అనుకున్నాను. మారువేషంలో ఉన్న రాజు, పట్టేశాను! విరాటపర్వం విన్నవాడికి ఇదో లెక్కా? వానలు ఆలస్యమైతే మా గుళ్లో విరాటపర్వం చదివించేవారు. జమ్మిచెట్టు మీద ఆయుధాలు, పేడివాడి వేషంలో అర్జునుడు, అతన్ని సారథిగా పెట్టుకుని బయల్దేరిన ఉత్తరకుమారుడు, అన్నీ నోటికొచ్చినవే. కాబట్టి స్ట్రైడర్ది అజ్ఞాతవాసం, అసలు పేరు అరగోర్న్, చివర్లో పట్టాభిషేకం. కథ కూడా అలాగే నడిచింది. ఏడెనిమిదేళ్లు ఆ లెక్కతోనే తృప్తిపడ్డాను.

తర్వాత ఒక మిత్రుడి దగ్గర అనుబంధాలున్న ప్రతి దొరికింది. అందులో తేదీలు లెక్కేస్తే, సత్రంలో కూర్చున్న రోజుకి ఆయన వయసు 87. ఆ వంశం వాళ్లు చాలా కాలం బతుకుతారు లెండి. కానీ నా లెక్క అక్కడే తప్పింది. పాండవులకి ఏడాది గడువు. దొరక్కుండా ఉంటే చాలు, రాజ్యం అడగొచ్చు. ఈయనకి గడువు లేదు, ఎవరూ హామీ ఇవ్వలేదు, అన్నేళ్లూ తిరుగుతూనే ఉన్నాడు. ఎందుకు?

ఇంకో సంగతి కూడా తెలిసింది. సత్రం మూల కూర్చున్నవాడు ఎవరో రాసేటప్పుడు తనకే తెలియదని టోల్కీన్ 1955లో కవి ఆడెన్‌కి రాసిన ఉత్తరంలో చెప్పాడు. తొలి చిత్తుప్రతుల్లో స్ట్రైడర్ అసలు మనిషే కాదు, చెక్క చెప్పులేసుకున్న ట్రాటర్ అనే హాబిట్! అంటే బూట్ల మీద బురద ముందొచ్చింది, కిరీటం తర్వాతెప్పుడో వచ్చింది. నేను ఇన్నాళ్లూ తలకిందులుగా చదివాను.

మాది కోనసీమలో వైనతేయ గట్టు పక్క ఊరు. చిన్నప్పుడు గట్టు మీద ఒక లస్కరు, అంటే గట్టు కాపలాదారు, ఉండేవాడు. పేరు ఎవరూ పలకగా వినలేదు, గట్టు తాత అనేవాళ్లం. వరద రోజుల్లో రాత్రంతా గోనెసంచి ముసుగు వేసుకుని, లాంతరు పట్టుకుని, ఇనప మొన కర్రతో గట్టు వెంట పోయేవాడు. అన్నం తినకపోతే "గట్టు తాతకి పట్టిస్తా" అని అమ్మలు బెదిరించేవాళ్లు. ఒకసారి నాన్నతో కలిసి లంక నుంచి ఆవుని తోలుకొస్తుంటే, గట్టు లోపలివైపు కూర్చుని ఏదో చేస్తున్నాడు. ఒక కన్నంలోంచి కారుతున్న నీళ్లు అరచేతిలో పట్టి, లాంతరు దగ్గరికి తీసుకెళ్లి, కళ్లు చిట్లించి చూశాడు. పారబోశాడు. మళ్లీ పట్టాడు. "ఏంటి తాతా?" అన్నాడు నాన్న. "ఆయ్, ఏం లేదండి. ఎండ్రకాయ బొక్క. మీరెళ్లండి." తేట నీళ్లు కారితే కొంత నయమనీ, మట్టి నీళ్లు కారితే గట్టు లోపల్నుంచి కోసుకుపోతోందనీ నాకు చాలా ఏళ్లకి తెలిసింది.

స్ట్రైడర్ నాకు ఆ రోజు చూసిన తాతలా కనబడటం మొదలయ్యాక పుస్తకం మారిపోయింది. ఉంగరాన్ని ఏం చేయాలో తేల్చడానికి ఎల్‌రాండ్ అనే పెద్ద ఇంట్లో జరిగే సభలో స్ట్రైడర్ బోరోమిర్ అనే యోధుడితో అనే మాటల దగ్గర ఇప్పుడు ఆగిపోతాను. ఒక రోజు నడక దూరంలో శత్రువులున్న ఊళ్లో ఒక లావుపాటి పెద్దమనిషికి నేను వట్టి స్ట్రైడర్‌నే, మేం కాపలా ఆపితే ఆ ఊరు మిగలదు, అయినా ఇలాగే ఉండనీ, అంటాడు. త్యాగం మాట సరే, అందులో ఒక చిన్న ముల్లు కూడా ఉంది. ఆ లావుపాటాయన్ని, అదే బటర్‌బర్‌ని, మర్చిపోలేదు చూశారా! బ్రీలో ఫ్రోడోతోనూ అంతే. నన్ను నన్నుగా చూసి నమ్ముతారేమో అనుకున్నాను, నా వాలకమే నాకు అడ్డు, అంటాడు. ఆధార్ కార్డు చూపించకుండా నమ్మాలన్నమాట. నాకు తెలిసి ఆయన అసలు రహస్యం వంశం కాదు, ఈ ఆశే.

స్ట్రైడర్ దగ్గరుండే, పూర్వీకుల విరిగిన కత్తి సంగతి మాత్రం నాకు చాలాకాలం కొరుకుడు పడలేదు. అర్జునుడు పనికొచ్చే గాండీవాన్ని చెట్టెక్కించాడు. ఈయన పనికిరాని కత్తిముక్కని ఒంటి మీద మోస్తాడు. పోయిన ఏడాది మా మేనకోడలికి కథ చెప్తూ ఈ ప్రశ్న వేశాను. "ఇంట్లో పెడితే ఎవరో ఒకరు పాత ఇనుముకి వేసేస్తారు కదా మావయ్యా" అంది. నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఇంతకంటే మంచిది లేదు.

లోపం లేదా అంటే ఉంది. మూడో భాగంలో కిరీటం దగ్గరపడేకొద్దీ మనిషి పటంలా బిగుసుకుపోతాడు, మాట కూడా శిలాశాసనంలా అవుతుంది. ఒక్క వైద్యశాల అధ్యాయం మినహాయింపు. యుద్ధం గెలిచినా రాజుగా ఊళ్లోకి రాడు, ముసుగులో వస్తాడు. ఎవరూ లెక్కచేయని ఒక ఆకు తెప్పించి, నలిపి, వేడినీళ్లలో వేస్తాడు. గదంతా వాసన. బాలింత ఇంట్లో వావిలాకు కాచే వాసన తెలిసినవాళ్లకి ఆ పేజీ ఇంకోలా అందుతుంది. రాజుని చూడాలనుకునేవాళ్లు అక్కడ చూడండి, పట్టాభిషేకంలో కాదు.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. తాత రిటైరయ్యాక మా గట్టుకి ఇంకొకరు రాలేదు. కుర్రాళ్లం, పెద్దలం ఫోన్ లైట్లు వేసుకుని ఇసుక బస్తాలతో తిరిగాం. ఒకచోట ఊట కనబడితే దోసిట్లో నీళ్లు పట్టి చూశాను. తేటో మట్టో తేల్చుకోలేకపోయాను. ఎందుకైనా మంచిదని నాలుగు బస్తాలు వేశాం.

వరద తీశాక ఆ ఆగస్టులో మూడో భాగం చివరికొచ్చాను. హాబిట్లు తిరిగి బ్రీ వస్తారు. ఊళ్లో దొంగల భయం, రాత్రిళ్లు తలుపులు బిడాయించుకుంటున్నారు. రేంజర్లంతా ఎటో వెళ్లిపోయారట, వాళ్లు మాకేం చేసేవారో ఇప్పటిదాకా సరిగా అర్థం కాలేదు, అంటాడు బటర్‌బర్. అన్నేళ్లుగా ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు దాటేశానో. ఆ తర్వాత స్ట్రైడరే రాజయ్యాడని తెలిసి నోరెళ్లబెట్టి, కిరీటం గురించీ బంగారు గిన్నె గురించీ మాట్లాడతాడు.

మొదటి భాగంలో బ్రీ అధ్యాయాలు ఊడొచ్చేశాయి, రబ్బరు బ్యాండు వేసి ఉంచాను. రెండోది మేనకోడలి దగ్గరుంది.