మా మామ్మ ఇల్లు చూసి చెప్పిన ఇంజినీరుగారి సర్వీసు: ఐదుకి నాలుగు స్టార్లు

విజయనగరంలో గంటస్తంభానికి నడిచి వెళ్లేంత దూరంలో మా మామ్మ ఇల్లు. 2014లో సిరిమాను పండగ అయిన వారంలోపే, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను వచ్చి వెనక వసారా పెంకులు సగం లేపేసింది. నెల తిరక్కుండానే మామ్మని రాజమండ్రి మా దగ్గరికి తెచ్చేసుకున్నాం. ఆవిడ మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. అప్పట్నుంచి ఇంటికి తాళమే.

ఈసారి సిరిమానుకి భిలాయ్‌లో ఉన్న అన్నయ్య "తొలేళ్ల రాత్రి అందరం ఆ ఇంట్లోనే పడుకుందాం" అని పట్టుబట్టాడు. తొలేళ్లంటే సిరిమానుకి ముందు రోజు. ముందు ఒక కాంట్రాక్టరుని పిలిచాం. గుమ్మంలో నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, లోపలికి రాకుండానే "ఇది మనుషులుండే కొంపేటమ్మా, పడగొట్టేయండి" అన్నాడు. అపార్ట్‌మెంట్లు కట్టుకునే మనిషి ఇంకేమంటాడు? అందుకే తెలిసినవాళ్లని అడిగి, పాత ఇళ్లు చూసి రాసిచ్చే ఈ రిటైర్డ్ ఇంజినీరుగారిని పట్టుకున్నాం.

ఒక ముసలి తాపీమేస్త్రిని వెంటబెట్టుకుని జులైలో వచ్చారు. సామాను చూసి నాకు నవ్వొచ్చింది. స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, టార్చి, దారానికి కట్టిన గుండు, పెన్సిలు. అంతే.

గబ్బిలాల రెట్ట, కిటికీలోంచి గదిలోకి పాకిన తీగ, దొడ్లో నడుమెత్తు కంప చూసి ఆయన మొహం చిట్లిస్తారనుకున్నాను. "ఇది ఇద్దరు కూలీలకి రెండ్రోజుల పనమ్మా" అని దాటుకుంటూ వెళ్లిపోయారు. ఆగింది ఎక్కడంటే, మేం బాగుందనుకున్న హాల్లో. అది మద్రాసు టెర్రస్, అంటే టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి గానుగ సున్నంతో వేసిన పాతకాలం కప్పు. నాన్న 1998లో దూలాలకి రంగు వేయించారు, ఇప్పటికీ నిగనిగలాడుతూనే ఉంది. ఆయన స్టూలెక్కి దూలం మధ్యలో స్క్రూడ్రైవరు గుచ్చితే మొన కూడా దిగలేదు. గోడలోకి దూరే చోట గుచ్చేసరికి పిడిదాకా దిగిపోయింది. లాగితే తడిసిన రంపపుపొట్టులాంటిది రాలి నా చెప్పుల మీద పడింది. దూలం కుళ్లడం కొసల దగ్గరే మొదలవుతుందట, గోడలో చెమ్మ పీల్చేది అక్కడే కాబట్టి.

ఆ చెమ్మ ఎక్కణ్నుంచి వచ్చిందో మేస్త్రి చూపించాడు. సుత్తితో తట్టుకుంటూ పోతే నడుమెత్తు వరకూ డొల్ల చప్పుడు. సున్నపు గోడకి నాన్న సిమెంటు పూయించారు, లోపలి తడి ఆరే దారి లేక పైకి పాకింది. ఇంకోటి, నా చిన్నప్పుడు వీధి అరుగుకి మూడు మెట్లుండేవి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే ఇప్పుడు ఒకటే మిగిలింది, వానొస్తే నీళ్లు నేరుగా గుమ్మంలోకే. ఏటా వచ్చి తాళం చూసి వెళ్లేదాన్ని, మెట్లు లెక్కపెట్టాలని మాత్రం తట్టలేదు.

నా టెన్షనంతా వంటింటి కిటికీ మీద ఏటవాలుగా ఉన్న పగులు గురించి. దానికి అడ్డంగా చిన్న గాజు ముక్క అతికించి పక్కన పెన్సిలుతో తేదీ రాశారు. గోడ ఇంకా కదులుతుంటే గాజు విరుగుతుంది, విరక్కపోతే పాత పగులే, పూడ్చుకోవచ్చు అన్నారు. ఏడు వారాలకి మళ్లీ వచ్చి చూశారు. గాజు అలాగే ఉంది.

చివరికి తేల్చిందేమిటంటే, వైరింగ్ మొత్తం మార్చి ఎర్తింగ్ వేయిస్తే ముందు రెండు గదుల్లో, వంటింట్లో ఉండొచ్చు. వంటింటికి పక్క సందులోంచే వెళ్లాలి. హాలు కప్పుకి కింద సపోర్టులు పెట్టి దూలాలు మార్చేదాకా అందులో ఎవరూ అడుగు పెట్టకూడదు. వసారా తీసేయాలి.

ఒక స్టారు ఎందుకు కోశానో కూడా చెప్తాను. వారంలో ఇస్తామన్న రిపోర్టు 20 రోజులు ఆలస్యం. అదీ ఇంగ్లీషులో, ఏ ఫోటో ఏ గదిదో రాయకుండా. దొడ్లో బావి గురించి ఒక్క ముక్క లేదు. అడిగితే నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించుకోమన్నారు. నీళ్ల సంగతి తేలకుండా ఇంట్లో ఉండొచ్చో లేదో ఎలా తేలుతుందండీ? ఫీజు 6,000 కాక, రెండోసారి వచ్చినందుకు 1,500 విడిగా తీసుకున్నారు. అది ముందు చెప్పలేదు.

తొలేళ్ల రాత్రి తొమ్మిదిమందిమి ఆ రెండు గదుల్లో సర్దుకున్నాం, మంచినీళ్లు క్యాన్లలో తెచ్చుకుని. హాలు తలుపుకి అడ్డంగా మేస్త్రి కొట్టిన చెక్కలు అలాగే ఉన్నాయి, పిల్లలు వాటికి చామంతి దండ వేలాడదీశారు.

ఈయన్ని పిలిచేవాళ్లు వానలు పట్టాకే పిలవండి. మే నెలలో వచ్చుంటే ఆ నడుమెత్తు చెమ్మ గీత కనపడేదే కాదని మేస్త్రే చెప్పాడు.