ట్యూనా డబ్బా: లైటా, వైటా?

షాపు అరలో రెండు రకాల ట్యూనా చేప డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద 'లైట్', ఇంకోదాని మీద 'వైట్' లేదా 'ఆల్బకోర్' అని ఉంటుంది. పాదరసం ఎంతుందో మాత్రం మామూలుగా దేని మీదా రాయరు.

లైట్ డబ్బాలో ఎక్కువగా ఉండేది స్కిప్‌జాక్ అనే చిన్న ట్యూనా. వైట్ డబ్బాలో ఉండే ఆల్బకోర్ అనే ట్యూనా దానికంటే ఎక్కువ కాలం బతుకుతుంది. తాను తినే చేపల్లోని మిథైల్ మెర్క్యురీని (చేపల్లో ఉండే విషపూరిత పాదరసం రూపం) ఏళ్ల తరబడి ఒంట్లో పోగేసుకుంటుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్కల్లో సగటున లైట్‌లో పది లక్షల భాగాలకు 0.126, ఆల్బకోర్‌లో 0.350 భాగాల పాదరసం ఉంది. దాదాపు మూడు రెట్లు!

రుచి సంగతి అంటారా, నా ఓటు వైట్‌కే. ముక్క గట్టిగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఎప్పుడైనా తింటే టెన్షన్ అక్కర్లేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లుల విషయం వేరు. ఎఫ్‌డీఏ సలహా ప్రకారం వాళ్లు లైట్ అయితే వారానికి రెండు మూడు సార్లు తినొచ్చు. ఆల్బకోర్ తింటే ఒక్కసారే, ఆ వారం ఇంకే చేపా వద్దు. పిల్లలకైతే లైటే కొనండి.

నీళ్లు వంపేసినా, బాగా వేయించినా పాదరసం పోదు. అది చేప కండకే అంటుకుని ఉంటుంది.