విండోస్‌కు నకలా, సొంత నడకా? మింట్, గ్నోమ్, ప్లాస్మా డెస్క్‌టాప్‌ల సమీక్ష

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసిపోవడంతో, ఇంకా కొన్నేళ్లు నిక్షేపంగా పనిచేయగల కంప్యూటర్లు ఎన్నో ఇళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ ఎటూ కాకుండా మిగిలిపోయాయి. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందటి ప్రాసెసర్లను, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు; దానికితోడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండి తీరాలంటుంది. అలాంటి యంత్రాలకు ఒక దారి లినక్స్, ఎవరైనా వాడుకుని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. మింట్, ఫెడోరా, ఉబుంటు దాని రకాలు; సినమన్, గ్నోమ్, ప్లాస్మా వాటి మీద తెరను అమర్చే డెస్క్‌టాప్‌లు. అలాంటి ఒక ఆరో తరం ల్యాప్‌టాప్‌లో, 8 జీబీ ర్యామ్‌తో, సినమన్ డెస్క్‌టాప్ ఉన్న లినక్స్ మింట్ 22ను, గ్నోమ్ ఉన్న ఫెడోరాను, ప్లాస్మా 6 ఉన్న ఫెడోరాను ఒకదాని తరువాత ఒకటి పెట్టుకుని రోజువారీ పనికి వాడి చూశాను. నా పని తెలుగులో రాయడం, ఇతరుల రాతప్రతులు దిద్దడం. ఆటల గురించి, వీడియో ఎడిటింగ్ గురించి ఇక్కడ ఏమీ ఉండదు. వేగం గురించి కూడా ఒక్క మాటే: ఎస్‌ఎస్‌డీ ఉంటే మూడూ ఈ యంత్రం మీద హాయిగా నడుస్తాయి. నేను చూడదలచుకున్నది, వ్యాపార సంస్థల డెస్క్‌టాప్‌ను అనుకరించినందువల్ల వాడేవాడికి ఒరిగేది ఎంత, సొంత దారి తొక్కినందువల్ల ఒరిగేది ఎంత అన్నది.

అనుకరణలో మింట్‌ది అందె వేసిన చేయి. ఎడమ చేతివైపు కింద మెనూ, కుడివైపు గడియారం, మధ్యలో తెరిచిన విండోల వరుస. విండోస్ మీట నొక్కితే మెనూ తెరుచుకుంటుంది, రెండు నొక్కులకు ఫోల్డరు తెరుచుకుంటుంది. విండోస్ 7 అలవాటున్న మనిషిని దీని ముందు కూర్చోబెడితే పది నిమిషాల్లో ఎవరి సాయమూ లేకుండా పని మొదలుపెట్టేస్తాడు. దీన్ని చిన్నచూపు చూసేవారికి ఒక సంగతి గుర్తుచేయాలి: 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు మైక్రోసాఫ్టే తన టాస్క్‌బార్‌ను నడిమధ్యకు జరిపి, దాన్ని తెర పక్కలకో పైకో మార్చుకునే వీలును తీసేసింది. సినమన్‌లో ఆ పట్టీని నాలుగు వైపులా ఎక్కడికైనా మార్చుకోవచ్చు. అసలైనవాడు వదిలేసిన పాత ఏర్పాటును నకలు చేసినవాడు నిలబెట్టడం ఒక వింత, ఆ ఏర్పాటుకు అలవాటుపడిన కోట్లమందికి అదొక మేలు కూడా. పైగా మింట్ అన్నీ అనుకరించి ఊరుకోలేదు. దాని ఫైల్ మేనేజర్ నీమోలో ఎఫ్3 నొక్కితే విండో రెండు భాగాలుగా చీలుతుంది. ఎడమవైపు రచయిత పంపిన ప్రతులు, కుడివైపు దిద్దిన ప్రతులు పెట్టుకుని అటూ ఇటూ లాగుతూ పనిచేసుకోవచ్చు. విండోస్ సొంత ఎక్స్‌ప్లోరర్‌లో ఈ సదుపాయం లేదు.

అయితే పోలికలు ఇంత దగ్గరగా కుదిరినచోటే అసలు చిక్కు మొదలవుతుంది. తెలుగు నాట ఏ డీటీపీ దుకాణంలో ఆపరేటర్‌నైనా మింట్ ముందు కూర్చోబెట్టండి. మెనూ కనిపిస్తుంది, ఫోల్డర్లు కనిపిస్తాయి, పెన్‌డ్రైవ్ పెడితే దాని బొమ్మ వస్తుంది. మరుక్షణం ఆయన అడిగే ప్రశ్న, ‘‘సార్, ఇందులో పేజ్‌మేకర్ ఎక్కడుందండీ? అనూ ఎక్కడ?’’ అని. పుటలు కూర్చే పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. అనూ ఫాంట్లలో కూర్చిన అక్షరం యూనికోడ్ (అన్ని యంత్రాలూ ఒకేలా చదివే అక్షర సంకేతాల ప్రమాణం) కాదు. రెంటిలో ఏదీ లినక్స్ కోసం చేసినది కాదు. పెళ్లి పత్రికలూ, కరపత్రాలూ, పాఠశాలల ప్రశ్నపత్రాలూ ఇప్పటికీ ఆ రెండింటి మీదే నడిచే దుకాణాలు ఉన్నాయి. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ వేసుకుని నెట్టుకురావచ్చునని సలహా ఇచ్చేవారికి కొదవలేదు కానీ, సాయంత్రానికి అచ్చుకు వెళ్లవలసిన పత్రిక చేతిలో ఉన్నవాడికి ఆ సలహా వల్ల ప్రయోజనం లేదు. విండోస్‌లా కనిపించే డెస్క్‌టాప్ తాను విండోస్‌నేనని ఒక్క మాటయినా అనదు; దాని రూపం మాత్రం ఆ మాటే అంటుంది. చూపు నమ్మినదాన్ని చేయి నిజమనుకుని ముందుకు సాగుతుంది, గోడ తగిలేవరకూ.

ఈ గోడ కొత్తదేమీ కాదు. 2001లో అమెరికాలో మైకేల్ రాబర్ట్‌సన్ లిండోస్ అనే కంపెనీ పెట్టి, విండోస్ ప్రోగ్రాములు నడిచే లినక్స్‌ను అమ్ముతామని చెప్పుకున్నారు. ఆ మరుసటి ఏడు వాల్‌మార్ట్ వెబ్‌సైటులో దాని కంప్యూటర్లు అమ్మకానికి కూడా వచ్చాయి. పేరు మీద మైక్రోసాఫ్ట్ వేసిన దావా తిరగబడి, 2004లో రాజీ కుదిరి, మైక్రోసాఫ్టే 2 కోట్ల డాలర్లు ఇచ్చింది, కంపెనీ పేరు లిన్‌స్పైర్ అయింది. దావా వల్ల కంపెనీకి డబ్బు మిగిలింది కానీ, విండోస్ ప్రోగ్రాములు నడుస్తాయన్న అసలు మాట మాత్రం నిలబడలేదు. మరోవైపు, అనుకరణను పాపంగా చూడనక్కరలేదు కూడా. విండోల అమరికను తమనుంచి తీసుకున్నారని 1988లో యాపిల్ మైక్రోసాఫ్ట్ మీద వేసిన దావా వీగిపోయింది. ఆ యాపిల్ మాత్రం జెరాక్స్ పరిశోధన కేంద్రాన్ని చూసి నేర్చుకున్నది తక్కువా? ప్లాస్మాను తయారుచేసే కేడీఈ వారు తమ బ్రౌజర్ కోసం రాసుకున్న కేహెచ్‌టీఎంఎల్ యంత్రాంగాన్ని యాపిల్ తీసుకుని 2003లో సఫారీ చేసింది. అదే వెబ్‌కిట్ అయింది, దాని శాఖే నేటి క్రోమ్‌లో ఉంది. ఒకే తెరమీద అనేక డెస్క్‌టాప్‌లు పెట్టుకునే వీలు 1998 నాటి కేడీఈ మొదటి విడుదలలోనే ఉండగా, విండోస్‌లో మామూలు వాడకందార్లకు అది 2015లో విండోస్ 10తో అందింది. ఎవరు ఎవరిని చూసి నేర్చుకున్నారన్న లెక్క తీస్తే అందరూ బాకీదారులే.

సొంత దారికి వస్తే, ఆ మాటకు అసలైన ఉదాహరణ గ్నోమ్. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు మెనూ పోయింది, కింది పట్టీ పోయింది, విండోను చిన్నది చేసే బొత్తాలు పోయాయి. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ అంతటివాడు దాన్ని తిట్టిపోసి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్‌కు వెళ్లిపోయాడు. గ్నోమ్ 2ను అలాగే బతికించుకోవాలని కొందరు మేట్ మొదలుపెట్టారు. గ్నోమ్ 3 పునాది మీదే పాత ఇల్లు కట్టాలని మింట్ వారు సినమన్ మొదలుపెట్టారు. అంటే నేను పైన మెచ్చుకున్న అనుకరణ, గ్నోమ్ కొత్తదనానికి ఎదురు తిరగడంలోంచి పుట్టిందే.

ఇన్నేళ్ల తరువాత, 2021లో గ్నోమ్ 40 చేసిన సవరణలు కూడా కలిసిన రూపంలో దీన్ని వాడి చూస్తే, ఆనాటి కోపంలో సగం అలవాటు చెడినందుకేనని అనిపిస్తుంది. విండోస్ మీట ఒక్కసారి నొక్కితే తెరిచిన విండోలన్నీ విడివిడిగా పరుచుకుంటాయి, పైన వెతికే పెట్టె, కింద ప్రోగ్రాముల వరుస. ఏదీ క్లిక్ చేయకుండానే పేరులోని మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే కావలసినది తెరుచుకుంటుంది. టచ్‌ప్యాడ్ మీద మూడు వేళ్లు పక్కకు జరిపితే పక్క డెస్క్‌టాప్. ఆ జరగడం వేలితో పాటు సాగుతుంది, సగంలో మనసు మార్చుకుని వేలు వెనక్కి తెస్తే తెర కూడా వెనక్కి వస్తుంది. రాతప్రతి ఒక డెస్క్‌టాప్‌లో, నిఘంటువు తెరిచిన బ్రౌజర్ రెండోదానిలో, ఉత్తరాలు మూడోదానిలో పెట్టుకుంటే, చివర ఎప్పుడూ ఖాళీది ఒకటి దానంతట అదే సిద్ధంగా ఉంటుంది. దిద్దుబాటు పనికి ఇంతకంటే నిశ్శబ్దమైన బల్ల నాకు ఎక్కడా దొరకలేదు. తెలుగు టైపింగ్‌కు కూడా ఇదే సుఖం: వేర్వేరు భాషల్లో టైపు చేయించే ఐబస్‌ను గ్నోమ్ తనలోనే కలుపుకుంది కనుక, సెట్టింగ్స్‌లోని కీబోర్డు పుటలో తెలుగు చేర్చుకుంటే చాలు, విండోస్ మీటతో స్పేస్ కలిపి నొక్కి భాష మార్చుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవారికి అది, ఎం17ఎన్ అనే కీబోర్డు అమరికల ప్యాకేజీలు పెట్టుకుంటే ఆర్‌టీఎస్, పోతన, యాపిల్ అమరికలు కూడా దొరుకుతాయి.

గ్నోమ్‌తో నా పేచీ అది పెట్టిన కొత్తవాటితో కాదు, తీసేసిన పాతవాటితో. నేపథ్యంలో నడిచే ప్రోగ్రాముల గుర్తులు ఉండే చోటును 2017లో తీసేశారు. డెస్క్‌టాప్ మీద ఫైళ్లు పెట్టుకునే వీలును ఆ మరుసటి ఏడు తీసేశారు. కావాలనుకున్నవారు ఎక్స్‌టెన్షన్లు (విడిగా జోడించే చిన్న ప్రోగ్రాములు) వేసుకోవాలి. ఆ ఎక్స్‌టెన్షన్లు ఆరు నెలలకోసారి వచ్చే కొత్త విడుదల ముందు ఊపిరి బిగబట్టుకుని ఉంటాయి: 2023 సెప్టెంబరులో గ్నోమ్ 45 వచ్చినప్పుడు లోపలి పద్ధతి మార్చడంతో అంతకుముందున్నవి మొత్తం తిరిగి రాసుకుంటే తప్ప పనిచేయకుండా పోయాయి. ఉబుంటు వారు తమ ఉబుంటులో పక్కపట్టీని, ఆ గుర్తుల చోటును తామే చేర్చి ఇస్తున్నారంటే, మామూలు వాడకందారుకు ఏది కావాలో వారికి తెలిసే ఇస్తున్నారు. ఇక ఫైలు ఎంచుకునే పెట్టెలో బొమ్మలు చిన్న రూపంలో వరుసగా కనబడాలన్న విన్నపం 2004లో నమోదైతే, అది తీరింది 2023లో గ్నోమ్ 44 దగ్గర. తెర మొత్తాన్ని కొత్తగా ఊహించగలిగిన జట్టుకు, ముఖచిత్రం కోసం ఇరవై ఫొటోల్లోంచి ఒకటి ఎంచుకుని ఉత్తరానికి జతచేయాలనుకునేవాడి అవస్థ పందొమ్మిదేళ్లు కంటికి ఆనలేదు. కొత్తదనమా, అనుకరణా అన్న వాదంలో ఇలాంటి పనులు ఎవరి లెక్కలోకీ రావు, అందుకే ఎవరూ చేయరు.

కొత్తదనం ఎటు వెళ్లాలన్నదానికి ఉబుంటు వారి సొంత డెస్క్‌టాప్ యూనిటీ చరిత్ర నాకు మంచి కొలబద్దగా కనిపిస్తుంది. 2012లో వారు తెచ్చిన హెచ్‌యూడీ అనే సదుపాయంలో, మెనూల్లో వెతుక్కునే పని లేకుండా ఆల్ట్ మీట నొక్కి కావలసిన ఆదేశం పేరు కొడితే అది జరిగిపోయేది. నిజమైన కొత్త ఆలోచన, వాడేవాడి చేతికి బలం ఇచ్చేది. అదే ఏడు అక్టోబరులో, వాడకందారు తన సొంత కంప్యూటర్‌లో వెతికే మాటలకు అమెజాన్ సరుకులు చూపించడం కూడా మొదలుపెట్టారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని నిఘా సాఫ్ట్‌వేర్ అన్నారు. మొదటిది వాడేవాడి కోసం చేసినది. రెండోది ఏ వ్యాపార సంస్థ అయినా చేసేదే. 2017లో యూనిటీని కట్టిపెట్టినప్పుడు మొదటిది కూడా పోయింది, అది వేరే విచారం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కొత్తగా ఏదైనా చేయదలిస్తే, వ్యాపార సంస్థ తన లాభం అడ్డువచ్చి ఎన్నటికీ చేయలేని చోట చేయాలి. విండోస్ 11 ప్రారంభ మెనూలో 2024 నుంచి యాప్‌ల సిఫారసులు కనిపిస్తున్నాయి, మొదటి రోజే మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతోంది. ఇవి పనితనం తక్కువై జరిగినవి కావు, అమ్మకం అక్కర కొద్దీ జరిగినవి. వీటికి జవాబు మెనూ ఆకారం మార్చడంలో లేదు.

ఆ దృష్టితో చూసినప్పుడు ప్లాస్మా నాకు ఎక్కువ నచ్చింది. పైకి అది విండోస్ పోలికే; కింద పట్టీ, మూలన మెనూ. 2008 జనవరిలో కేడీఈ 4.0 పేరుతో అన్నీ ఒక్కసారి మార్చబోయి, సగం ఉడికినది వడ్డించి తిట్లు తిన్న జట్టు ఇది. టోర్వాల్డ్స్ ఆనాడు గ్నోమ్‌కు వెళ్లిపోయింది దాని వల్లనే. ఇప్పుడు వారు పైరూపం జోలికి పెద్దగా పోకుండా లోపల పని చేస్తున్నారు. కేడీఈ కనెక్ట్‌నే చూడండి. ఫోనూ ల్యాప్‌టాపూ ఒకే వైఫైలో ఉంటే చాలు, ఏ కంపెనీ దగ్గరా ఖాతా తెరవకుండా, ఏ సర్వరుకూ ఏమీ పంపకుండా, ఫోనులో కాపీ చేసిన వాక్యాన్ని ల్యాప్‌టాప్‌లో అతికించవచ్చు. రచయిత వాట్సాప్‌లో పంపిన పేరాను నేరుగా రాతప్రతిలోకి తెచ్చుకోవడం నా రోజువారీ పనిలో భాగమైపోయింది. పాట వింటుండగా ఫోను మోగితే పాట దానంతట అదే ఆగుతుంది. ఇది 2013లో మొదలైంది; యాపిల్ ఇలాంటిది తెచ్చింది 2014లో, అదీ తన పరికరాల మధ్య మాత్రమే; మైక్రోసాఫ్ట్ తెచ్చింది 2018లో. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, లినక్స్ అన్న తేడా లేకుండా అన్నింటినీ కలిపే పని, ఫోను కూడా తామే అమ్ముకునేవారికి గిట్టుబాటయ్యేది కాదు.

ప్లాస్మాలో లోటు తెలుగు టైపింగ్ దగ్గర ఉంది. ఫెడోరాలో అది వేలాండ్ (తెరమీద విండోలను చూపించే కొత్త పద్ధతి) మీద నడుస్తుంది కనుక, ఐబస్ పనిచేయాలంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘వర్చువల్ కీబోర్డు’ అన్న పుటకు వెళ్లి అక్కడ ఐబస్‌ను ఎంచుకోవాలి. మామూలు కీబోర్డు మీద టైపు చేసేవాడు ఆ పేరున్న పుటను ఎందుకు తెరుస్తాడో దాన్ని అమర్చినవారికే తెలియాలి. సెట్టింగుల సంఖ్య కూడా అతి. ఒకే విషయం మూడు చోట్ల మార్చుకోవచ్చుననిపించేంత. అటు సినమన్‌కు వేలాండ్ ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. చిన్న జట్టుకు ఇంటి ముఖభాగాన్ని చూసుకునేసరికి పునాది పనులకు తీరిక చాలదు. 2029 వరకు మద్దతు ఉన్న మింట్ 22 వాడేవారికి మాత్రం దీనివల్ల ఇప్పటికిప్పుడు నష్టం లేదు.

ఇంట్లో పెద్దవారికి, బ్యాంకు పనికీ వార్తలకూ వాడుకునే పాత కంప్యూటర్ అయితే మింట్ పెట్టి ఇవ్వవచ్చు, మళ్లీ ఫోను చేసి అడగరు. రాతపని ఎక్కువగా ఉండి, వారం రోజులు చేతిని కొత్త అలవాటుకు మళ్లించుకునే ఓపిక ఉన్నవారు గ్నోమ్ తీసుకోవచ్చు. అనూ మీద బతికే దుకాణానికి ప్రస్తుతానికి ఈ మూడూ పనికిరావు. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకునే దారి చూసుకున్నాకే ఆ మాట ఎత్తాలి. నా ల్యాప్‌టాప్‌లో ప్లాస్మానే ఉంచుకున్నాను. విండోస్ మీటతో డబ్ల్యూ కలిపి నొక్కితే గ్నోమ్‌లో నాకు నచ్చిన, విండోలన్నీ పరుచుకునే ఆ ఏర్పాటు ఇక్కడ కూడా వస్తుంది, దానికోసం మెనూను పోగొట్టుకోనక్కర లేకుండానే.