సిరామిక్ కోటింగ్ వేయించిన నాలుగేళ్లకి: తెల్ల కారు మీద నారింజ చుక్కల కథ

వచ్చే దసరాకి నా బండికి సిరామిక్ కోటింగ్ (పెయింట్‌కి రక్షణగా పైన వేసే పల్చటి పారదర్శక పూత) వేయించి నాలుగేళ్లు నిండుతాయి. 2021లో డెలివరీ తీసుకున్న వారానికే 22 వేలు పెట్టి వేయించాను. మొదటి ఆరు నెలలు కనిపించిన ప్రతివాళ్లకీ వేయించుకోమని చెప్పాను. మా తమ్ముడు నా మాట విని వేయించుకున్నాడు కూడా. కాబట్టి ఆ తర్వాత జరిగింది రాయాల్సిన బాధ్యత నాదే. ఎన్ని పొరలు వేస్తారు, గ్రాఫీన్ పూత మంచిదా, సిరామిక్ మంచిదా లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్లను.

ముందు నా పరిస్థితి చెప్పాలి, లేకపోతే మిగతాది తప్పుగా అర్థమవుతుంది. ఉండేది విశాఖలో, గాజువాక దగ్గర. పని ఆటోనగర్‌లో. పగలంతా బండి ఆరుబయట ఎండలో ఉంటుంది. అటూ ఇటూ గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లకి ట్రస్సులు చేసే వెల్డింగ్ షాపులు. పొద్దున తొమ్మిదికి మొదలైన గ్రైండర్ మోత సాయంత్రం దాకా ఆగదు. వీటికి తోడు సముద్రపు గాలి ఎలాగూ ఉంది.

మొదటి ఏడాది నిజంగానే బాగుంది. నీళ్లు పోస్తే బానెట్ మీద తామరాకు మీద నీటిబొట్లలా జారిపోయేవి. వాన వెలిశాక బండి చూస్తే కడుపు నిండేది. దుమ్ము అంటుకోదని అప్పట్లో చెప్పుకు తిరిగాను. ఆ మాట సరిదిద్దుకోవాలి. దుమ్ము అందరి బండ్లకి పడ్డట్టే పడుతుంది, కడిగినప్పుడు కాస్త తేలిగ్గా పోతుంది, అంతే. కాకి రెట్ట విషయంలోనూ అంతే. పడిన రోజే కడిగేస్తే మరక లేదు. మే నెలలో ఊరెళ్లి మూడు రోజులు వదిలేస్తే, రూఫ్ మీద దాని అచ్చు ఇప్పటికీ ఉంది.

అసలు సంగతి 2023 సంక్రాంతి ముందు బయటపడింది. భోగికి ముందు ఆదివారం, పండక్కి ఊరెళ్లాలని బండి కడిగి పొడిగుడ్డతో తుడుస్తున్నాను. లేత ఎండ బానెట్ మీద ఏటవాలుగా పడుతోంది. ఆ వెలుగులో కనిపించాయి చుక్కలు. ఆవగింజలో నాలుగో వంతు ఉంటాయేమో, నారింజ రంగులో ఉన్నాయి. మొదట ఒకటి, దాని పక్కన ఇంకొకటి, తర్వాత ఎక్కడ చూసినా అవే. బానెట్, రూఫ్, డిక్కీ మూత, ఎడమవైపు తలుపులు, అంతటా. గోటితో గీరితే ఊడటం లేదు. వేలితో తడిమితే గరుగ్గా తగులుతోంది.

మా ఆవిడ చూసి, "దసరాకి సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించాం కదండీ, ఆ పసుపేమో" అంది. కొంత ధైర్యం వచ్చింది, ఎందుకంటే పసుపు మరక ఎండకి తనంతట తనే వెలిసిపోతుంది, మొదటి ఏడాది పూజప్పుడు స్వయంగా చూశాను. కానీ పసుపు బానెట్ మీద పెట్టారు, రూఫ్ మీద పెట్టలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏడాదీ మూడు నెలల బండికి అప్పుడే తుప్పు పట్టిందంటే, ఇంకా నాలుగేళ్లు ఈఎంఐ కట్టాల్సిన మనిషికి టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

పండగ అయ్యాక కోటింగ్ వేసిన షాపుకి వెళ్లాను. కోటింగ్ వేయించుకోవడానికి వెళ్లిన రోజు వాళ్లు ఒక పాత బానెట్ మీద లైటర్ వెలిగించి, మార్కర్‌తో గీసి తుడిచి చూపించారు. 9హెచ్ గట్టిదనం అన్నారు, ఐదేళ్ల గ్యారంటీ కార్డు ఇచ్చారు. ఇప్పుడు అదే కార్డు వెనక్కి తిప్పి, సన్న అక్షరాల్లో ఉన్న వరస చూపించారు. గాల్లోంచి పడే పారిశ్రామిక కాలుష్యం, పక్షి రెట్ట, ఉప్పునీటి మరకలు గ్యారంటీలోకి రావట. ఏడాది మెయింటెనెన్స్‌కి నేను ఇరవై రోజులు ఆలస్యంగా వచ్చానని కూడా గుర్తుచేశారు. రెట్టా, ఉప్పునీళ్లూ, గాలీ తీసేస్తే మన ఊళ్లో బండి మీద పడేది ఇంకేముంది? నా కోపమంతా అక్కడే.

9హెచ్ అంటే ఏమిటో తర్వాత తెలుసుకున్నాను. అది పెన్సిల్ గట్టిదనం కొలత. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడదని దాని అర్థం. రాయికీ ఇనుముకీ ఆ లెక్కతో సంబంధం లేదు. ఇక మందం సంగతి. కంపెనీ పెయింట్ మొత్తం సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, అందులో పైనుండే క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక 70 దాకా ఉంటుంది. సిరామిక్ పొర ఒకటి రెండు మైక్రాన్లకి మించదు. ఈ లెక్క డబ్బు కట్టకముందు తెలిసి ఉంటే, దాని మీద అంత ఆశ పెట్టుకునేవాణ్ని కాదు.

సర్వీస్ సెంటర్లో "రబ్బింగ్ చేసి పాలిష్ కొడితే పోతుంది సార్, మూడున్నర వేలు" అన్నారు. సరేనని వచ్చేశాను. మా షాపుకి రెండు వీధుల అవతల ఒక పెయింటర్ మేస్త్రి ఉన్నారు, ముప్పై ఏళ్లుగా అదే పని. డబ్బు కట్టేముందు ఆయనకొకసారి చూపిద్దామనిపించింది.

ఆయన కళ్లజోడు పెట్టుకోలేదు, వంగి చూడలేదు. పొద్దున తిన్న ఇడ్లీల పల్చటి ప్లాస్టిక్ కవరు తీసి, చేతివేళ్లకి తొడుక్కుని, బానెట్ మీద నెమ్మదిగా జరిపారు. సర్‌ర్‌ర్ మని చప్పుడు, ఇసుక మీద చేయి రాసినట్టు. తర్వాత డ్రైవర్ తలుపు తెరిచి, లోపలి అంచు మీద అదే చేయి జరిపారు. ఏ చప్పుడూ లేదు, నూనె రాసినట్టు జారింది. నా చేత కూడా చేయించారు. వట్టి వేలికి అంతగా తెలియని గరుకు ఆ కవరులోంచి స్పష్టంగా తెలుస్తుంది.

"బాబూ, తుప్పంటే లోపల్నించి ఉబ్బుకుని రావాల. ఇది పైనించి దిగింది. మీ రేకు బాగానే ఉంది" అన్నారు. ఎదుటి షెడ్డులో గ్రైండర్ దగ్గర లేస్తున్న రవ్వలకేసి చూపించి, "అవే" అన్నారు. రబ్బింగ్ సంగతి చెబితే చెయ్యి అడ్డంగా ఊపారు. "ముందు ఆ రజను బయటికి తియ్యాల. తియ్యకుండా రుద్దితే ఇసక్కాగితంలాగ పనిచేస్తాది."

అప్పుడు అర్థమైంది. గ్రైండర్ నుంచి, బ్రేకుల నుంచి లేచే ఇనుప రజను వేడిగా వచ్చి పెయింట్ మీద పడుతుంది. వేడికి క్లియర్ కోట్‌లోకి కొంచెం దిగి అక్కడే కూర్చుంటుంది. రాత్రి మంచు, ఉప్పుగాలి తగిలి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ పొరని పగలగొడుతుంది. ఇది అన్ని రంగుల బండ్లకీ జరుగుతుంది, తెల్ల బండి మీద కనిపిస్తుంది, అంతే తేడా.

మేస్త్రి చెప్పిన మందు పేరు ఐరన్ రిమూవర్. అర లీటరు సీసా ఆరువందల చిల్లర పడింది. ఆదివారం సెల్లార్ నీడలో బండి కడిగి, ఇంజన్ చల్లారాక, చేతులకి గ్లవ్స్ వేసుకుని బానెట్ మీద కొట్టాను. నీళ్లలా ఉంది, రంగు లేదు. ఒక నిమిషం ఏమీ జరగలేదు. ఆరువందలు కూడా పోయాయనుకున్నాను. రెండో నిమిషంలో ఒక్కో చుక్క చుట్టూ చిన్న ఊదా వలయం మొదలైంది. చూస్తుండగానే అవి సాగి, ఒకదానికొకటి కలిసి, బానెట్ అంచు నుంచి అల్లనేరేడు పండ్ల రసంలా ధారలు కట్టాయి. తెల్ల బండి మీద ఆ రంగు చూసి మా వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, "ఏటి బాబూ, బండికి నెత్తురు కారతందేటి!" అన్నాడు.

వాసన మాత్రం భరించలేం, కుళ్లిన గుడ్డు వాసన. మా ఆవిడ ముక్కు మూసుకుని, "ఇది పార్లర్లో జుట్టు స్ట్రెయిటెనింగ్ వాసన" అంది. ఆమె చెప్పింది నిజమే, రెండింట్లోనూ థయోగ్లైకోలేట్ జాతి రసాయనాలే. నాలుగు నిమిషాలు దాటకుండా, మందు ఆరిపోకముందే ధారగా నీళ్లు పోసి కడిగేశాను. రెండు విడతలు చేశాను. పదిలో తొమ్మిది చుక్కలు పోయాయి. మళ్లీ కవరు తొడుక్కుని చేయి జరిపితే చప్పుడు లేదు.

నేను ఊహించనిది ఆ తర్వాత జరిగింది. కడిగాక నీళ్లు పోస్తే, కొన్ని నెలలుగా బల్లపరుపుగా పరుచుకుంటున్న నీళ్లు మళ్లీ బొట్లు కట్టి జారాయి. కోటింగ్ చచ్చిపోయిందనుకున్నాను, కానీ అది అక్కడే ఉంది. దాని మీద రజను, మురికి పేరుకుని మూసేశాయి. అందుకే నా కోపం కోటింగ్ మీద కొంత తగ్గింది, అమ్మేటప్పుడు చెప్పిన మాటల మీద తగ్గలేదు. ఐదేళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు అన్నారు. ఆరు నెలలకోసారి ఈ మందు కొట్టకపోతే మా దగ్గర అది ఏడాదికే మూసుకుపోతుంది అని చెప్పి ఉండాల్సింది.

చక్రాల దగ్గరికొస్తే లెక్క వేరు. అల్లాయ్స్‌కి కూడా అదే కోటింగ్ వేశారు, అక్కడ మాత్రం డబ్బుకి న్యాయం జరిగింది. బ్రేకు నల్లదుమ్ము నీళ్లకే జారిపోతుంది. మా తమ్ముడి బండికి చక్రాలు వదిలేసి బాడీకి మాత్రమే వేయించాడు. వాడి చక్రాల లోపలివైపు ఇప్పుడు బ్రష్‌తో రుద్దినా గోధుమరంగు పోవడం లేదు. ఐరన్ రిమూవర్ కొట్టిన రోజు అందరికంటే ఎక్కువ ఊదారంగు కారింది కూడా చక్రాల నుంచే.

దెబ్బ తగలకుండా మాత్రం ఏ కోటింగూ ఆపదు. బీచ్ రోడ్డులో పార్క్ చేస్తూ ఎడమ ముందు చక్రం ఫుట్‌పాత్ అంచుకి రాసుకుంది. జానెడు గీత, అందులో ఫుట్‌పాత్‌కి వేసిన పసుపు పెయింట్. చిన్నదే కదా అని వదిలేశాను. నావి మెషిన్ కట్ అల్లాయ్స్ (పైభాగాన్ని యంత్రంతో చెక్కి మెరిపించినవి), మెరిసే భాగానికి పైన పారదర్శకమైన పూతే రక్ష. అది తెగితే లోపలికి తడి పోతుంది. ఒక్క వానాకాలానికే గీత పక్కనుంచి తెల్లటి పురుగులు పాకినట్టు పూత కింద చారలు వచ్చాయి. చివరికి ఆ చక్రం మొత్తం గీకించి బూడిదరంగు వేయించాను, 2,800 అయింది. గీత పడిన వారమే కాస్త క్లియర్ టచప్ పెట్టి ఉంటే సరిపోయేది. అంచుకి అంటించే రబ్బరు రిమ్ గార్డులు కూడా ప్రయత్నించాను, రెండు నెలల్లో ఎండకి జిగురు వదిలేసింది. వాటర్ వాష్ సెంటర్లో టైర్లకి, కింద భాగానికి డీజిల్ కొడతామంటే వద్దని గట్టిగా చెప్పండి, డీజిల్ తగిలితే రబ్బరు పాడవుతుంది.

నాలుగేళ్లలో ఒక్క ఫిర్యాదు కూడా లేనిది, ఎవరూ పట్టించుకోని చిన్న పీపీఎఫ్ (పెయింట్ మీద అంటించే పారదర్శక రక్షణ ఫిల్మ్) ముక్కలు. తలుపు అంచులు, హ్యాండిల్ వెనక గుంటలు, డిక్కీ దగ్గర సామాను పెట్టే బంపర్ అంచు. మొత్తం మూడున్నర వేలు. ఆ ఫిల్మ్ 150 మైక్రాన్లకి పైనే ఉంటుంది, కాబట్టి దెబ్బ అది తింటుంది. మా అమ్మాయి సైకిల్ ఎక్కించి దించేటప్పుడు బంపర్ మీద పడ్డ గీతలన్నీ ఫిల్మ్ మీదే ఉన్నాయి. అయితే టీపీయూ (సాగే పాలీయురెథేన్ ప్లాస్టిక్) రకం అడిగి వేయించుకోవాలి. చవకవి పసుపెక్కుతాయి, తెల్ల బండికి అది ఇంకా కష్టం.

ఈ దసరాకి మా బావగారు విజయనగరంలో బండి తీసుకుంటున్నారు. సిరామిక్ వేయించాలా అని అడిగారు. ఆయనకి ఇంట్లోనే షెడ్డు ఉంది, వారానికి రెండుసార్లు బయటికి తీస్తారు. చక్రాలకి వేయించండి, తలుపు అంచులకి ఫిల్మ్ పెట్టించండి, మిగతా డబ్బు ఉంచుకోండి అన్నాను. నాలా ఆరుబయట పెట్టేవాళ్లకి ఇదే మాట చెప్పగలనా అంటే గట్టిగా చెప్పలేను. నా చేతిలో డబ్బుంటే బానెట్‌కీ రూఫ్‌కీ పీపీఎఫ్ వేయించేవాణ్ని. ఆ ఖర్చు నాకప్పుడు కుదరలేదు, ఇప్పుడూ కుదరదు.

పెట్రోల్ మూత పక్కన మూడు చుక్కలు ఇంకా ఉన్నాయి. మందుకి లొంగలేదు. క్లే బార్‌తో (పెయింట్ మీద రుద్దే బంకమట్టి లాంటి ముద్ద) తీయొచ్చు, మిగిలితే బఫింగ్ (మెషిన్‌తో పాలిష్) చేయొచ్చు, కానీ బఫింగ్ అంటే క్లియర్ కోట్ కొంత అరుగుతుంది, దాంతోపాటు కోటింగూ పోతుంది. మేస్త్రి వేలితో తడిమి చూసి, "ఇవి పెరగట్లేదు బాబూ, ఉండనీయండి" అన్నారు. ఉంచేశాను.